ఇద్దరు నేస్తాలు, ఒక వీడియో కెమెరా

నేను వీడియో కెమెరా కొని ఇంటికి తెచ్చిన రోజు మా నాన్న ఒక్కటే అడిగాడు.

"ఎందుకు బిడ్డా? ఫోన్ల వీడియో రాదా?"

వస్తుంది. కానీ నా ఫోను నిండా పిల్లల హాజరు ఫోటోలు, ఆఫీసు నుంచి వచ్చే సందేశాలు. పిల్లలు పాట మొదలుపెట్టారని తీయబోతే, పల్లవి అయ్యేలోపే జాగా లేదని ఆగిపోయేది. అప్పటికి ఉసూర్ దగ్గర ఒక ప్రైమరీ బడిలో గెస్టు టీచరుగా చేరి ఏడాది దాటింది. వారమంతా అక్కడే గది తీసుకుని ఉండేదాన్ని, శనివారం బస్సెక్కి మద్దేడ్‌కి, మా ఇంటికి వచ్చేదాన్ని. మా బడి పిల్లలు ఆదివాసీ భాష దోర్లీలో ఒక పాట, తెలుగులో ఒక పాట, హిందీలో ఒక పాట పాడతారు. ఒక్కోసారి ఒకే పాటలో మూడూ కలిపేస్తారు. అవన్నీ ఎక్కడైనా దాచుకోవాలని నాకు ఆశ.

ట్రైనింగ్ ఉందని జగదల్‌పూర్ వెళ్లినప్పుడు, బజార్లో పెళ్లి వీడియోలు తీసే ఒక దుకాణంలో ఈ కెమెరా కనిపించింది. నల్లగా, అరచేతిలో ఇమిడిపోయేంత. దుకాణం ఆయన పెద్ద కెమెరాలకు మారిపోయాడట. ఇది అద్దాల బీరువాలో ఊరికే పడి ఉందట.

"లే జావో మేడమ్, ఫుల్ హెచ్‌డీ హై," అని, తీసుకెళ్లమంటూ నా చేతిలో పెట్టి, పట్టీ బిగించి చూపించాడు. దీంట్లో ప్రొజెక్టర్ కూడా ఉందని, కావాలంటే గోడ మీద సినిమా వేసుకోవచ్చని చెప్పాడు. ఇంత చిన్న దాంట్లో అదెలా ఉంటుందని నేను నమ్మలేదు. అయినా ఆ పట్టీ నా చేతికి అంత చక్కగా పట్టాక మళ్లీ బీరువాలో పెట్టబుద్ధి కాలేదు.

మొదటి వారమంతా దాన్ని పట్టుకోవడమే నేర్చుకున్నాను. కుడిచేతి నాలుగు వేళ్లూ పట్టీలోంచి దూరాలి. బొటనవేలు వెనక బటన్ మీద, చూపుడువేలు పైన జూమ్ మీట మీద ఉండాలి. పక్కనున్న చిన్న తెరను తలుపులా తెరిస్తే చాలు, కెమెరా తనంతట తనే మేలుకునేది. ముందున్న మూత సన్నటి చప్పుడుతో రెప్పలా పక్కకు తప్పుకునేది. ఆ చప్పుడు కోసమే నేను తెర తెరిచి, మూసి, మళ్లీ తెరిచేదాన్ని. ఛార్జింగ్ వైరు కూడా పట్టీ లోపలే మడిచి ఉంటుంది. అది ఎక్కడుందో తెలియక రెండు పూటలు పెట్టె అంతా వెతికాను.

ఇంట్లో మొదట దాని మాయలో పడ్డది నాన్నే. ఇంటి వెనక గట్టు మీద నిలబడి జూమ్ మీట నెమ్మదిగా నొక్కి చూపించాను. దూరంగా ఇప్పచెట్టు కొమ్మ మీదున్న పాలపిట్ట తెర నిండా వచ్చేసింది. దాని గొంతు కింది ఈకలు గాలికి కదలడం కూడా కనిపించింది. నాన్న కెమెరా లాక్కుని చెట్టూ పుట్టా తిప్పి చూస్తూ, ఒక్కసారిగా కేక పెట్టాడు.

"ఓసి, మన బర్రె ఆళ్ల చేన్ల పడ్డదే!"

కెమెరా నా చేతిలో పెట్టి కర్ర తీసుకుని పరుగెత్తాడు. ఆ తర్వాత ఫోను ఉండగా ఇదెందుకని ఎప్పుడూ అడగలేదు. పైగా సాయంత్రమైతే, "ఒకసారి ఇటియ్యి, బర్రె ఎక్కడున్నదో చూస్త," అనేవాడు.

అమ్మ మాత్రం దాని కంట పడేది కాదు. తెర తెరిచిన చప్పుడు వింటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పై వరసలో ఒక పన్ను ఊడింది. అందుకని ఆమె కడుపారా నవ్వడం కూడా మానేసింది. "తియ్యకు బిడ్డా, నా పళ్లు బాగలెవ్వు," అనేది.

అమ్మకు ఒక నేస్తం ఉంది. మా వైపు నేస్తం కట్టడమంటే ఊరికే స్నేహం కాదు. పెద్దల ముందు ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టి మాట ఇచ్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు. 'నేస్తం' అనే పిలుచుకుంటారు. అమ్మది తెలుగు ఇల్లు, ఆమెది దోర్ల ఇల్లు. ఇద్దరూ ఒకే ఊళ్లో పుట్టి, ఒకే అడవిలో తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి పెరిగారు. అమ్మ పెళ్లై మద్దేడ్ వచ్చింది. ఆమె ఉసూర్ వైపు ఒక ఊరికి వెళ్లింది. మధ్యలో అడవి, వాగులు, వానొస్తే తెగిపోయే దారులు. నేను చిన్నప్పుడు ఒకే ఒక్కసారి ఆమె మా ఇంటికి వచ్చిందట. నాకు గుర్తు లేదు. తర్వాత ఎప్పుడో ఎవరిదో ఫోనులో మాట్లాడుకున్నారు. సిగ్నల్ సరిగ్గా లేక ఇద్దరూ "ఇనబడ్తుందా, ఇనబడ్తుందా" అని అరుచుకుని పెట్టేశారు. "ముఖం కనబడకుండ ఏం మాటలు," అని అమ్మ మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు.

ఉసూర్ అంగడిలో ఒక రోజు చింతపండు కొందామని కూర్చున్నాను. అమ్ముతున్నామె తూకం పక్కన పెట్టి నా ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"మద్దేడ్."

"మీ అమ్మ పుట్టిన ఊరేంది?"

చెప్పాను. ఆమె చేతిలో చింతపండు ముద్ద అలాగే గాల్లో ఆగిపోయింది.

"గా ముక్కు చూసే అనుకున్న! నువ్వు నా నేస్తం బిడ్డవు!"

అంగడి మధ్యలో నా రెండు చెంపలూ పట్టుకుంది. చింతపండు చేతులే. నా ముఖమంతా జిగట. పక్కన కూరగాయలామెను, ఎదురుగా గాజులాయన్ని, అటుగా పోతున్నవాళ్లను కూడా పిలిచి, "నా నేస్తం బిడ్డ, పంతులమ్మ," అని చూపించింది. ఆ పూట ఆమె ఇంకెవరికీ చింతపండు అమ్మలేదు. అంతా అమ్మ గురించే అడిగింది. లావైందా, ఎంటికలు తెల్లబడ్డాయా, ఇంకా పొద్దున్నే లేస్తుందా, కోపం తగ్గిందా.

నా ఫోనులో అమ్మ ఫోటో ఒకటి వెతికి చూపించాను. అందులో కూడా కొంగు అడ్డమే. ఆమె ఫోను దగ్గరగా పట్టుకుని చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఇది కొంగు ఫోటో. మనిషేది?"

"వచ్చే అంగడికి వీడియో తీసుకొస్తా చిన్నమ్మా," అన్నాను. ఆమెను ఏమని పిలవాలో అప్పటిదాకా అనుకోలేదు. నోటికి అదే వచ్చింది.

ఆ శనివారం ఇంటికి వెళ్లేసరికి అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. విషయం చెప్పగానే చేట కింద పెట్టేసింది. కోళ్లు వచ్చి బియ్యం తింటున్నా చూసుకోలేదు. "ఏం చీర కట్టుకున్నది? బక్కగైందా? నన్ను ఏమని అడిగింది? మల్ల చెప్పు, మొదటి నుంచి చెప్పు," అని ఒకే సంగతి నాతో ఎన్నిసార్లు చెప్పించిందో. చివరికి తనంతట తనే, "రేపు పొద్దుగాల తీద్దాం," అంది. నాన్న నా వైపు చూసి కళ్లెగరేశాడు.

ఆదివారం పొద్దున అమ్మ పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసింది. తల దువ్వి, పెద్ద బొట్టు పెట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. తెరలో చూస్తే ఆమె వెనక సూర్యుడు. ముఖం మసిబొగ్గులా ఉంది. కుర్చీ ఇటు తిప్పించాను. గాలికి మైకులో బుసబుసమని మోత వస్తోందని గోడ వారకు జరిపించాను. తాను ఎలా ఉందో చూస్తానంటే తెరను ఆమె వైపు తిప్పాను. అంతే, ఇక నన్ను చూడదు, కెమెరాను చూడదు. తెరలో తనను తాను చూసుకుంటూ చెవుల దగ్గర వెంట్రుకలు సర్దుకోవడమే. తెర మళ్లీ నా వైపుకు తిప్పుకోవాల్సి వచ్చింది.

చివరికి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నేస్తమునకు నమస్కారములు. ఇచ్చట మేమందరము క్షేమము. అచ్చట మీరందరు క్షేమమని తలచుచున్నాము."

అమ్మ జన్మలో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అరుగు మీద కూర్చున్న నాన్న కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేను చెయ్యి కదలకుండా ఉండాలని ఊపిరి బిగబట్టాను. వర్షాల సంగతి, పంటల సంగతి, బర్రె ఈనిన సంగతి, అన్నీ అదే భాషలో చెప్పి, రెండు చేతులూ జోడించి ముగించింది.

తిరిగి చూద్దామంటే బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. ఛార్జింగ్‌లో పెట్టి, తెల్లారి మొదటి బస్సెక్కి వచ్చేశాను.

చిన్నమ్మ ఊరు ఉసూర్ నుంచి నడిచిపోయేంత దూరమే. అంగడి దాకా ఆగలేక సాయంత్రం బడి అయ్యాక నేరుగా ఆమె ఇంటికే వెళ్లాను. వాకిట్లో అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు. నేను తెర తెరవగానే అందరి తలలూ దాని మీదికి వచ్చాయి. ఎండ పడి తెర మీద మా ముఖాలే కనిపిస్తున్నాయి తప్ప లోపల బొమ్మ కనిపించడం లేదు. అప్పుడు దుకాణం ఆయన మాట గుర్తొచ్చింది.

లోపలి గదిలోకి వెళ్లాం. తలుపు వేసి, కిటికీకి గోనెసంచి కట్టారు. తెల్లమట్టి పూసిన గోడకు ఎదురుగా పీట మీద కెమెరా పెట్టి, తెర వెనకవైపున్న చిన్న అద్దాన్ని గోడకు చూపించి, ప్రొజెక్టర్ బొమ్మ మీద వేలు పెట్టాను. పక్కనున్న చిన్న మీట అటూ ఇటూ జరిపేసరికి మసకగా ఉన్న వెలుతురు గీతలు గీతలుగా తేలి బొమ్మ అయింది.

గోడంత పెద్దగా, మా అమ్మ పాదాలు.

పాదాలు వాకిట్లో నడుస్తున్నాయి. కుర్చీని ఈడ్చిన చప్పుడు. అమ్మ గొంతు: "ఈ కుర్చీ కాలు ఊగుతది. ఎన్నిసార్లు చెప్పినా మీ నాయినకు చెవికెక్కదు."

ఇది ఎప్పుడు తీశాను? బొమ్మ ముందుకు జరుపుతూ పోతే మెల్లగా అర్థమైంది. కుర్చీ జరిపేటప్పుడు తెలియకుండా బొటనవేలు బటన్ మీద పడింది. అప్పటి నుంచి కెమెరా రికార్డు చేస్తూనే ఉంది. అమ్మ "ఇగ సురూ చెయ్" అన్నప్పుడు నేను బటన్ నొక్కితే అది ఆగిపోయింది. రికార్డు అవుతున్నప్పుడు తెర మూలన ఎర్ర అక్షరాలు ఉంటాయి. ఆ ఎండలో అవి నాకు కనిపించలేదు. అమ్మ నమస్కారములు, క్షేమము, పట్టుచీర ప్రసంగం, ఒక్క ముక్క లేదు. ప్రసంగం అయ్యాక ఆపుదామని నొక్కినప్పుడు మళ్లీ రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఉన్నదంతా ముందూ వెనకా జరిగిన రభసే.

"చిన్నమ్మా, తప్పు జరిగింది, మళ్లీ తీసుకొస్తా," అని ఆపబోయాను.

"చెయ్యి తీ!" అంది ఆమె. "నడవనియ్యి!"

గోడ మీద అమ్మ పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కుర్చీ ఎక్కిన కోడిని తరుముతోంది. కోడి అరుగు ఎక్కితే అమ్మా అరుగు ఎక్కింది. గదిలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. తర్వాత అమ్మ అద్దం ముందు చెదిరిన తల మళ్లీ దువ్వుకుంటూ, కెమెరా వైపు చూడకుండా నాతో అంటోంది.

"బిడ్డా, గా పన్ను కనబడ్తదా? కనబడితే నా నేస్తం నవ్వుతది. చిన్నప్పటి సంది గంతే, నా ముఖం చూస్తే దానికి నవ్వుడే."

చిన్నమ్మ అప్పటికే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

చివరి ముక్క ప్రసంగం అయిపోయాక తీసింది. కెమెరా నా చేతిలో వేలాడుతోంది కాబట్టి గోడ మీద ఇల్లూ వాకిలీ అమ్మా అందరూ పక్కకు ఒరిగి ఉన్నారు. గదిలో అందరం తలలు ఒక పక్కకు వంచి చూశాం. అమ్మ నుదురు తుడుచుకుంటూ, "అయిపోయిందా? హమ్మయ్య," అంది. కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత మామూలు గొంతుతో, కొంచెం నెమ్మదిగా అంది.

"దాన్ని ఒక్కసారి చూడబుద్ధైతుంది బిడ్డా."

చిన్నమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్లింది. వెలుతురుకు అడ్డం రావడంతో అమ్మ ముఖం గోడ మీద పోయి ఆమె వీపు మీద, కొప్పు మీద పడింది. "జరుగు, జరుగు," అని వెనకనుంచి ఆడవాళ్లు అరిచారు. ఆమె జరగలేదు. గోడ మీద చెయ్యి పెట్టి, ఇంకోసారి వేయమంది.

మళ్లీ వేశాను. బ్యాటరీ ఎర్రబడేదాకా వేశాను. పట్టీలోంచి వైరు లాగి పవర్ బ్యాంకుకు తగిలించి మళ్లీ వేశాను. కోడిని తరిమేది మాత్రం ఎంతమంది కొత్తగా వస్తే అన్నిసార్లు.

మర్నాడు ఆమె జవాబు తీశాను. కెమెరా ముందు నిలబడమంటే దగ్గరికి వచ్చి, మైకు ఎక్కడో చూసుకుని, దానికి నోరు ఆనించి మాట్లాడబోయింది. తెర నిండా పెదవులే.

"దూరం జరుగు చిన్నమ్మా."

"గంత దూరం నుంచి చెప్తే మద్దేడ్ దాకా ఇనబడ్తదా?"

ఎలాగో నచ్చజెప్పి చింతచెట్టు నీడలో నిలబెట్టాను. అమ్మలాగా ప్రసంగాలేం లేవు. ఎదురుగా మనిషి నిలబడ్డట్టే మాట్లాడింది. తన మేకలను, కొత్తగా వేసిన పెంకులను, పొయ్యిని, పొయ్యి మీద ఉడుకుతున్నదాన్ని చూపించింది. నేను వెనక వెనకే నడుస్తూ తీశాను. నడిచేటప్పుడు బొమ్మ ఊగకుండా కెమెరా తనే సర్దుకుంటుంది. అయినా మోకాళ్లు కొంచెం వంచి, పిల్లిలా నడవాలి. నా నడక చూసి మేకలు బెదిరాయి. చివరలో ఆమె తిరిగి నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"నేస్తం, ఎండ్రకాయలకు పోయి వాగుల పడ్డవ్, యాదికున్నదా? నేను గుంజకుంటే పోయేదానివి. గప్పుడు గుంజింది గిందుకేనా, ముఖం చూపియ్యకుండ కూసుంటానికేనా?"

శనివారం ఇంట్లో కెమెరాను వైరుతో టీవీకి తగిలించాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి గరిటెతోనే వచ్చి నేల మీద, టీవీకి బాగా దగ్గరగా కూర్చుంది. చిన్నమ్మ ముఖం కనబడగానే ఇంకా ముందుకు జరిగింది. మేకలు, పెంకులు, పొయ్యి, అన్నీ చూసింది. వాగు మాట రాగానే మోకాళ్ల మీద లేచింది.

"అబద్ధం! పడ్డది అది! గుంజింది నేను!"

"టీవీకి ఇనబడదే," అన్నాడు నాన్న.

"కెమెరా తీ బిడ్డా. ఇప్పుడే తీ!"

"చీర మార్చుకోవా?"

"చీర లేదు, గీర లేదు. తీ!"

చేతిలో గరిటె అలాగే ఉంది. నేను తెర మూలన ఎర్ర అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకుని, చూశాక మళ్లీ ఒకసారి చూసుకున్నాను. అమ్మ గరిటె ఊపుతూ, వాగు ఏ వంపు దగ్గర, ఏ బండ మీద నుంచి, ఏ కాలు జారి తన నేస్తం నీళ్లలో పడిందో చెప్పింది. కొంగు ఎక్కడుందో కూడా ఆమెకు గుర్తు లేదు. ఊడిన పన్నూ, ఉన్న పళ్లూ అన్నీ తెర నిండా కనిపించాయి.

ఆ వానాకాలమంతా ఈ తగాదా నడిచింది. సోమవారం నేను ఒక మాట మోసుకుని ఉసూర్ వెళ్లేదాన్ని, శనివారం ఇంకో మాట మోసుకుని మద్దేడ్ వచ్చేదాన్ని. దారిలో బ్యాగులు తనిఖీ చేసేచోట ఒక జవాను కెమెరా చూసి, "శాదీ హై క్యా?" అని అడిగాడు. పెళ్లి కాదు, తగాదా అని చెప్పాను. నవ్వి పంపించాడు. వానలో బయటినుంచి తడి చేతులతో గదిలోకి వస్తే అద్దం మీద ఆవిరి పట్టేది. కొంగుతో తుడవకూడదు, మెత్తటి గుడ్డతోనే తుడవాలి. రెండిళ్లలోనూ ఆ గుడ్డను ఎవరూ ముట్టుకోకుండా గూట్లో పెట్టేవాళ్లు. తెర మీద మాత్రం ఎప్పుడూ పసుపు వేళ్ల గుర్తులే. చిన్నమ్మ ఆగి ఉన్న బొమ్మ మీద వేలు పెట్టి అమ్మ ముఖాన్ని పెద్దది చేసుకోవడం నేర్చుకుంది. "నిద్ర పోతలేదు. కండ్ల కింద చూడు," అని నాకు చెప్పేది. అమ్మేమో టీవీలో ఆమె కాళ్లు చూసి, "చెప్పులు తెగినయ్ దానియి," అని కొత్తవి కొని పంపింది.

ఊళ్లు కూడా రెండుగా చీలిపోయాయి. చిన్నమ్మ ఊళ్లో ఆడవాళ్లంతా పడ్డది మా అమ్మేనని తేల్చేశారు. మా వాకిట్లో చూడ్డానికి వచ్చేవాళ్లంతా పడ్డది ఆమేనని. నాన్న మాత్రం ఎవరి పక్షమూ చేరలేదు. "ఇద్దరు కలిసి ఆ ఎండ్రకాయలను ఏం చేసిన్రో అది చెప్పమను," అనేవాడు.

కోతలయ్యాక, బడికి సెలవులిచ్చిన శనివారం నేను బస్సుకు బయలుదేరుతుంటే చిన్నమ్మ మూట పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏంది చిన్నమ్మా?"

"గా డబ్బల నుంచి ఎంత చెప్పినా మీ అమ్మ ఇంటలేదు. నేనే వస్త."

బీజాపూర్‌లో బస్సు మారాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని కెమెరా తన ఒళ్లోకి తీసుకుంది. జూమ్ మీట ముందుకు లాగితే దూరం కొండలు దగ్గరికి వస్తున్నాయి, వెనక్కి వదిలితే పోతున్నాయి. దారి పొడవునా కొండలను దగ్గరికి పిలుస్తూ, పంపిస్తూ వచ్చింది. మద్దేడ్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. కెమెరా నేను తీసుకుని, ఆమెను నా వెనక రమ్మని, ఎర్ర అక్షరాలు చూసుకుని వాకిట్లోకి నడిచాను.

అమ్మ ఎండబోసిన ఒడ్లు కుప్ప చేస్తోంది. తలెత్తి చూసి మళ్లీ వంగింది.

"రాంగనే తీసుడేనా? బ్యాగు పెట్టి ఒడ్లు ఎత్తు, మంచు పడ్తది."

నా వెనకనుంచి చిన్నమ్మ పిలిచింది.

"నేస్తం!"

అమ్మ చేతులు ఆగాయి. నా ముఖం చూడలేదు, కెమెరా వైపు చూసింది.

"ఇయ్యాల ఏం అంటుంది? ఆగు, టీవీ పెట్టు, చేతులు కడుక్కొస్త."

ఆ గొంతు కెమెరాలోంచి వచ్చిందనుకుంది. నాకు నవ్వు ఆగలేదు, తెరలో ఇల్లంతా ఊగింది. చిన్నమ్మ నా భుజం పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. అమ్మ ఆమెను చూసింది, కెమెరాను చూసింది, మళ్లీ ఆమెను చూసింది. ఒడ్ల మీదుగానే నడిచి వచ్చేసింది. ఇంకెవరైనా అలా తొక్కితే ఇల్లెక్కి అరిచేది.

ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకున్నారు. భుజాలు తడుముకున్నారు, చేతులు తిప్పి చూసుకున్నారు. ముందు చిన్నమ్మ నవ్వింది. తర్వాత అమ్మ నవ్వింది, నోరంతా తెరిచి. నవ్వు ముఖం కనబడితే వీడియో తీస్తూనే తనంతట తనే ఫోటో కూడా తీసుకునే ఏర్పాటు ఒకటి ఆ కెమెరాలో ఉంది. తెర మీద ఇద్దరి ముఖాల చుట్టూ చిన్న చదరాలు వచ్చాయి. ఫోటో, ఇంకో ఫోటో, ఇంకోటి. వాళ్లు నవ్వు ఆపలేదు, అది తీయడం ఆపలేదు.

రాత్రి బువ్వ దగ్గర మళ్లీ వాగు మాట వచ్చింది. చిన్నమ్మ చీర అంచు జరిపి మోకాలి కింద పాత మచ్చ చూపించింది.

"చూడు, నిన్ను గుంజుతుంటే బండ గీసుకున్నది."

అమ్మ తన మోచెయ్యి ముందుకు చాపింది. అక్కడా ఒక మచ్చ ఉంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, అది ఎలా వచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

"మరి ఇదేంది? నిన్ను గుంజుతుంటే అయ్యిందే!"

ఇద్దరూ కాసేపు ఒకరి మచ్చ ఒకరు చూసుకున్నారు.

"అంటే ఇద్దరూ పడ్డరు," అన్నాడు నాన్న, అన్నం కలుపుకుంటూ.

"అవు, మరి ఎవలు గుంజిన్రు?" అంది చిన్నమ్మ. అమ్మకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. తర్వాత ఎంత ఆలోచించినా ఇద్దరికీ ఒడ్డు ఎక్కిన సంగతే గుర్తుంది. తడి బట్టలు బండ మీద ఆరేసుకుని, ఎండ్రకాయలు కాల్చుకు తిన్నారట. ఆ తిన్న సంగతిలో మాత్రం ఇద్దరి మాటా ఒకటే.

చిన్నమ్మ మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ అమ్మ పని సగం చేసి వదిలేసేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే తెలుగు ఎక్కడ ఆగి దోర్లీ ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. అమ్మకు దోర్లీ అంత బాగా వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. కెమెరా అరుగు చివర చిన్న ముక్కాలి పీట మీద పెట్టి, నన్ను పొమ్మనేవాళ్లు. తెర తమ వైపు తిప్పుకుని, తామే బటన్ నొక్కుకునేవాళ్లు. కార్డు నిండిందని గుర్తు వస్తే అమ్మ కేకేసేది, "బిడ్డా, దీని కడుపు నిండింది, ఖాళీ చెయ్!"

చిన్నమ్మ తిరిగి వెళ్లే రోజు నేనూ నాన్నా బస్సు దాకా వెళ్లాం. అమ్మ మాతో రాలేదు. పని ఉందని, మీరు నడుస్తూ ఉండండని చెప్పింది. బస్సు వచ్చి ఆగింది. చిన్నమ్మ ఎక్కి కూర్చుంది. అప్పుడు అమ్మ వచ్చింది, చేతిలో బట్టల సంచితో, మెడలో నా కెమెరా బ్యాగుతో.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న.

"నేస్తం ఇంటికి. కొత్త పెంకులు చూడాలె. మేకలు చూడాలె."

"బర్రె?"

"నువ్వున్నవ్ గదా."

మోకాలు నొప్పి అనీ, బర్రెను ఎవరు చూస్తారనీ ఇన్నేళ్లు పుట్టింటికి కూడా సరిగ్గా పోని మనిషి, మెట్లు పట్టుకుని బస్సెక్కి చిన్నమ్మ పక్కన కూర్చుంది. కిటికీలోంచి తల బయట పెట్టి, "బియ్యం కుండలో ఉన్నయ్, పచ్చిపులుసుకు చింతపండు ఉట్టి మీదున్నది," అని చెబుతుంటేనే బస్సు కదిలింది.

నాన్న బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు.

"మరి ఇయ్యాల అన్నం ఎవలు వండాలె?"

"ఇద్దరం," అన్నాను.

ఇంటికొచ్చి నేను బియ్యం కడిగి పెట్టాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరిగాడు. పెద్ద పెద్ద ముక్కలు తరిగాడు. పచ్చిపులుసు బాగానే కుదిరింది.